కొస కోసిన ముడి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. నేను చెప్పే కథల్లో ఎద్దు ఏనుగంత ఉంటుంది, నాలుగు చినుకులు పడితే గోదావరి వాకిట్లోకి వస్తుంది, నేను తుమ్మితే పక్క తాలూకాలో కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. ఇది నా పుట్టుకతో వచ్చిన గుణం. బజారు నుంచి తెచ్చిన వంకాయల సంగతి చెప్పినా సరే, మా ఆవిడ సంచి కుమ్మరించి చూసుకుంటే గాని నమ్మదు. కాబట్టి మీరు కూడా చదివేటప్పుడు ఏనుగును ఎద్దు చేసుకుని, గోదావరిని మోరీ కాలువ చేసుకుని చదువుకోండి. అచ్చంగా నేను కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఈ కథ ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా చిన్నవాడు కాలేజీలో ఒక పరీక్ష రాసి వచ్చాడు. ఎవరు ఏ పనికి తగినవారో ఆ పరీక్ష చెబుతుందట. నీకు నలుగురిలో ఉండటం ఇష్టమా, ఒంటరిగా ఉండటం ఇష్టమా, యంత్రాలు ఇష్టమా, మొక్కలు ఇష్టమా అని అడుగుతారట. చల్లగా ఫ్యాను కింద కూచుని రాసి వచ్చాడు. బాబూ, మా కాలంలో కూడా ఆ పరీక్ష ఉండేది. ప్రశ్న అడిగేది మాత్రం ఎద్దు. జవాబు తప్పితే తన్నేది కూడా అదే.

అప్పటికింకా మాది హైదరాబాదు రాష్ట్రం. ఆ రోజుల్లో సర్కారు కొలువు కావాలంటే ముందు ఉమేద్వారుగా చేరాలి. అంటే ఏ కచేరీకో, ఏ దవాఖానకో పోయి, ‘నేను ఊరికే పని చేస్తాను, నన్ను చూడండి, నచ్చితే పై వారికి నాలుగు మంచి మాటలు రాయండి’ అని ఒక మూల నిలబడాలి. జీతం ఉండదు. కుర్చీ ఉండదు. కుండలో నీళ్లు మాత్రం తాగవచ్చు, ఆ కుండ నింపేది కూడా మనమే. ఇప్పటి పిల్లలకిది అన్యాయంగా తోస్తుంది గాని, పని మనకు సరిపోతుందా, మనం పనికి సరిపోతామా అన్నది రెండు వైపులా తేలిపోయేది.

మాది కరీంనగరం జిల్లాలో ఒక నేతగాళ్ల ఊరు. మా బాపు మగ్గం దిగితే ఊళ్లో గడియారం ఆగిపోయినట్టుండేది. ఆయన నేసిన చీర నాలుగు చెంగులూ పట్టి నీళ్లు పోస్తే కిందికి చుక్క దిగదని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లలో నేనే ముఖ్యుణ్ణి. అంతటి మనిషికి నేను ఒక్కణ్ణే కొడుకును, నాకు ముడి వేయడం రాదు.

నవ్వకండి. నేతపనిలో సగం ప్రాణం ముడిలోనే ఉంది. పోగు తెగుతుంది, రెండు కొసలు పట్టుకుని కంటికి కనపడనంత చిన్న ముడి వేయాలి, మిగిలిన కొసలు మొదలంటా కత్తిరించాలి. కొస వదిలితే అది పక్క పోగులకు చిక్కుకుని వాటినీ తెంపుతుంది. మా బాపు కళ్లు మూసుకుని వేసేవాడు. నేను కళ్లు తెరిచి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వేస్తే, ఆ ముడి మగ్గం ఒక్కసారి ఆడగానే తెరుచుకునేది. నేను కూచున్న మగ్గం మీద చీర కన్నా చేపల వల బాగా వచ్చేది.

“గిది ముడేనా?” అనేవాడు బాపు, బొటనవేలి గోరుతో దాన్ని తాకి. తాకగానే అది విడిపోయేది. “నా ఏలు తగిలితేనే సచ్చిపాయె. మగ్గానికెట్ల ఆగుతదిరా?”

మెట్రిక్ ఎట్లాగో గట్టెక్కాను. ఇక నన్నేం చేయాలన్న ప్రశ్న వచ్చింది. మా మేనమామ షోలాపూరులో బట్టల మిల్లులో ఉండేవాడు. అక్కడికి పంపితే పోగులు అతికే పనిలో పెట్టిస్తానన్నాడు. అంటే నాకు ఏ పని రాదో ఆ పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఆ చెవులు చిల్లులుపడే మోతలో, జీవితమంతా! నేను అన్నం మానేశాను. (ఒక పూట. అదీ ఆ పూట వండింది కాకరకాయ కాబట్టి.) చివరికి మా అవ్వ, అంటే అమ్మ, పోరు పెడితే బాపు దిగివచ్చి మృగశిర కార్తె దాకా గడువిచ్చాడు.

“సరే. మిర్గం దాక సూస్త. ఏడన్న ఏదన్న పనిల కుదిరిండా, వాని ఇష్టం. కుదరలేదా, మొదటి వాన పడంగనే షోలాపూరు బండెక్కిస్త. మల్ల నన్ను అనొద్దు.”

తెలిసినవాళ్లు ఒకరు చెబితే, పెద్దపల్లిలో రైలెక్కి, మంచిర్యాలలో దిగి, చెన్నూరు బస్సెక్కి, అది ఆగిపోయిన చోటి నుంచి నడిచి, గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో పశువుల దవాఖానకు చేరాను. ఊరి పేరు అడగకండి. ఆ ఊళ్లో ఎండ ఎంతదంటే, నా నీడ కూడా నాతో రానని చెట్టు కింద ఆగిపోయింది.

దవాఖాన అంటే పెంకుల కప్పు, ముందు పెద్ద దొడ్డి, చుట్టూ కంప. లోపల ఇద్దరే మనుషులు. ఒకరు డాక్టర్ సాబ్. హైదరాబాదు పాతబస్తీ మనిషి, తలపై టోపీ, నోట్లో పాన్, ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. పశువుతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడడం నేను చూడలేదు. బర్రెను “ఆయియే బేగం” అని పిలిచేవాడు. రెండోవాడు జవాను, అంటే బంట్రోతు. ఆదిలాబాదు వైపు మనిషి, సగం మరాఠీ, నిండా ముసలితనం, మీసాలు చూస్తే ఆ దవాఖాన వాటి మీదే నిలబడ్డట్టుండేది.

“ఉమేద్వారువా?” అన్నాడు డాక్టర్ సాబ్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి. “ఇంతకు ముందు ఏం పని చేసినవ్ మియా?”

“మగ్గం నేసిన సాబ్.”

“ఎందుకు ఇడిసిపెట్టినవ్?”

“మగ్గమే నన్ను ఇడిసిపెట్టింది సాబ్.”

ఆయన పాన్ ఉమ్మివచ్చి నవ్వాడు. ఆ నవ్వుతోనే నాకు ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను. రాలేదు. షరతు పెట్టాడు: వానల లోపు ఒక పశువును సొంతంగా పడవేసి, కట్టి, వైద్యమయ్యాక విప్పగలిగితే, నన్ను శిక్షణకు తీసుకోమని పై దొరలకు రాస్తాడు. లేకపోతే సలాం, ఖుదా హాఫిజ్.

మొదటి వారం నాకప్పగించిన పని బర్రెలకు జ్వరం చూడటం. జ్వరం చూసే గాజు పుల్లను పశువుకు ఎక్కడ పెడతారో మీకు తెలిస్తే సరే, తెలియకపోతే మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. అది లోపలికి జారిపోకుండా దానికి దారం కట్టి, ఆ దారాన్ని తోకకు ముడివేస్తారు. నేను ముడి వేశాను. నా ముడి! బర్రె ఒక్కసారి తోక ఊపింది. దారం విడిపోయింది. గాజు పుల్లతో సహా బర్రె కంప దూకి గోదావరిలోకి దిగి పీకలదాకా మునిగి కూచుంది. నేను ఒడ్డున నిలబడి “ఆయియే బేగం” అని బతిమాలాను. జిల్లా మొత్తంలో గోదావరికి జ్వరం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

“ముడి గట్టిగెయ్ మియా!” అన్నాడు డాక్టర్ సాబ్. ఆయన మొహంలో నవ్వు కాస్త తగ్గింది.

జవాను మాత్రం నన్ను దగ్గర కూచోబెట్టుకుని లాగుడు ముడి నేర్పాడు. పశువును పడవేసి కాళ్లు కట్టేటప్పుడు వేసే ముడి అది. ఎంత తన్నుకున్నా విడిపోదు, కాని వేలాడే కొసను ఒక్కసారి లాగితే మొత్తం జారిపోతుంది. ఎందుకంటే పశువును ఎక్కువసేపు పక్కమీద పడుకోబెట్టకూడదు. కడుపులో గాలి నిండి, డప్పులా ఉబ్బి, ప్రాణం మీదికొస్తుంది. అందుకని పని కాగానే కొస లాగడం, పశువు లేవడం, మనం పారిపోవడం ఒకేసారి జరగాలి.

“కొస మన పానం, సమజ్ అయిందా పిలగా?” అన్నాడు జవాను. “కొస చేతుల ఉంటే ఎద్దు నీ చేతుల ఉన్నట్టు.”

ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన వాడింది పాత కొబ్బరి తాడు. అసలు తాడు వేరే ఉంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అది కొత్త నూలు తాడు. తెల్లగా, మెత్తగా, పెళ్లికూతురి జడంత లావు. హైదరాబాదు నుంచి రావడానికి దానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పేటప్పుడు జవాను కళ్లలో నీళ్లు తిరిగేవి. ‘నేను అడిగినప్పుడు నా మీసం నల్లగుండె’ అనేవాడు. అది సర్కారు తాడు. మామూలు పశువులకు అది తియ్యడు. నా అంచనా ఏమిటంటే, ఆయన దాని పక్కన అగరొత్తి కూడా వెలిగించేవాడు.

ఇదిలా ఉండగా డాక్టర్ సాబుకు ఒక పరేషాన్ వచ్చిపడింది. వానలకు ముందే ఊరి పశువులకు గొంతువాపు రాకుండా సూది మందు వేయాలని పై నుంచి హుకుం. మందు సీసాలు వచ్చాయి. పశువులే రాలేదు. సూది వేస్తే పాలెండిపోతాయని ఒకడు, ఎద్దుకు బలం పోతుందని ఒకడు, సర్కారు లెక్క రాసుకుని పశువులను పట్టుకుపోతుందని ఒకడు. డప్పు కొట్టించాడు. డప్పు వినడానికి జనం వచ్చారు, పశువులను ఇంట్లోనే కట్టేసి వచ్చారు. డాక్టర్ సాబ్ ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన పోయేసరికి ఏ కొట్టంలో చూసినా కట్టుగొయ్యలే ఉన్నాయి, ఎద్దులు లేవు.

“అప్పటికి ఊర్ల ఉన్న పశువులన్నీ చుట్టాలింటికి పోయినయంట మియా,” అన్నాడు నాతో, దిగులుగా. “నేను మందు పట్టుకుని ఉన్న, గొంతువాపు దారిల ఉన్నది. ఎవలు ముందు వస్తరో!”

అట్లా మిర్గం దగ్గరపడింది. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. నాకు ప్రతి మబ్బులో షోలాపూరు మిల్లు పొగగొట్టం కనిపించేది. అటువంటి రోజున, పొద్దు బారెడెక్కక ముందే, ఒక పెద్దమ్మ ఎద్దును నడిపించుకుంటూ దవాఖానకు వచ్చింది.

ఎద్దు మూడు కాళ్లమీద నడుస్తోంది. నాలుగోది నేలకు ఆనించడం లేదు. పెద్దమ్మకు ఉన్నది ఒక్క జోడే. దుక్కి దున్నే వేళకు ఒకటి కుంటిదైపోతే ఆ ఏడు ఆమె చేను బీడే. నాటు వైద్యాలన్నీ అయిపోయి, దిక్కుతోచక సర్కారు దవాఖానకు వచ్చింది. ఆ వచ్చినదాన్ని చూడటానికి వెనకాలే సగం ఊరొచ్చి కంప బయట నిలబడింది. ఎద్దు సంగతి నేను చెప్పకూడదు, మీరే నమ్మరు. కొమ్ములకు దండెం కట్టి మా వీధి వాళ్లంతా బట్టలారేసుకోవచ్చు.

డాక్టర్ సాబ్ గిట్ట చూశాడు. “తుమ్మ ముల్లు. లోపలికి పోయి చీము పట్టింది. పడెయ్యాలె, కట్టాలె, తియ్యాలె.” అని నావైపు తిరిగాడు. “మియా, గీ ఎద్దు నీది.”

“సాబ్, ఇంత పెద్దదా?”

“చిన్న ఎద్దుకు ముల్లు గుచ్చుకునేదాక మిర్గం ఆగదు.”

పెద్దమ్మ నన్ను చూసి కొంగు నడుముకు చెక్కింది. “గీ పిలగాడా కట్టేది? గీడు కడితే ఎద్దు వీన్నే ఈడ్సుకపోతది. సాబూ, నాకున్నదే ఒక జోడి. దానికేమన్న అయితే నిన్ను కాడికి కడ్త, సూస్కో.”

ఎద్దు గొప్పది కాబట్టి జవాను తాళం తీశాడు. నూలు తాడు బయటికి వచ్చింది. నలుగురం పట్టి లాగితే ఎద్దు నెమ్మదిగా మోకాళ్లమీద కూలి, పక్కకు ఒరిగింది. భూమి అదిరి దవాఖాన పెంకులు సర్దుకున్నాయి. జవాను కొమ్ములు అదిమిపట్టాడు. ఇక కాళ్లు నాలుగూ కలిపి కట్టడం నా వంతు.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా వినండి. లాగుడు ముడి నాకు వచ్చు. కాని ఆ క్షణాన నాకు గోదావరిలో కూచున్న బర్రె కనిపించింది. ‘ముడి గట్టిగెయ్ మియా’ అన్న మాట వినిపించింది. పైగా చేతిలో ఉన్నది నూలు. పుట్టినప్పటి నుంచి నూలు మధ్య పెరిగినవాడి చేతికి నూలు తగిలితే, ఆ చేయి వాడి మాట వినదు, వాడి బాపు మాట వింటుంది. నా వేళ్లు వాటంతటవే తిరిగాయి. రెండు కొసలూ మెలిపడ్డాయి, ఒకదాని కింద ఒకటి దూరాయి, బిగిశాయి. అది మగ్గం ముడి. ఎన్నడూ రాని ముడి. అంత లావు తాడు మీద అంత ముద్దుగా వచ్చింది. ఎద్దు తన్నుకుంది. కదలలేదు. తన్నుకున్న కొద్దీ ఇంకా బిగిసింది.

ఆ తర్వాత నా చేయి ఇంకొక పని చేసింది. పక్కన పళ్లెంలో డాక్టర్ సాబ్ పెద్ద కత్తెర ఉంది. తీసుకుని, మిగిలిన కొసలను మొదలంటా కత్తిరించాను. పక్క పోగులకు చిక్కుకోకుండా.

డాక్టర్ సాబ్ గిట్టమీద వంగి ఉన్నాడు, చూడలేదు. జవాను ఎద్దు మెడ మీద ఉన్నాడు, చూడలేదు. చీము కారింది, ముల్లు బయటికి వచ్చింది. బొటనవేలంత ముల్లు. పెద్దమ్మ దాన్ని తీసుకుని ఊరందరికీ చూపించింది. డాక్టర్ సాబ్ మందు అద్ది, గుడ్డ చుట్టి, చేతులు దులుపుకున్నాడు.

“షాబాష్! ఇగ ఇడువుండ్రి.”

జవాను లేచి వచ్చి కొస కోసం చేయి చాపాడు. కొస లేదు. ఇటు వెతికాడు. అటు వెతికాడు. ఎద్దు కాళ్ల కింద చూశాడు.

“కొస ఏదిరా?”

“కోసిన.”

“కోసినవా?”

“కోస్తరు గద? మా ఇంట్ల కోస్తరు.”

అప్పుడు నేల మీద పడి ఉన్న తెల్లటి తాడు ముక్కలు ఆయనకు కనిపించాయి. వాటిని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మాట ముందు మరాఠీలో వచ్చింది. తర్వాత అందరికీ తెలిసేటట్టు తెలుగులో వచ్చింది. “సర్కారు తాడును! నా మీసం నల్లగున్నప్పటి సంది అడిగితే వచ్చిన తాడును!”

విప్పడానికి ప్రయత్నించాం. నేను, జవాను, ఇద్దరు రైతులు. గోళ్లు విరిగాయి. ఒకడు పళ్లతో లాగి ఒక పన్ను ముడికే వదిలేశాడు. ముడి రాయైపోయింది. మగ్గం ముడిని విప్పడం ఎవరికీ తెలియదు, ఎందుకంటే లోకంలో ఎవరూ ఇంతవరకు దాన్ని విప్పలేదు. అది విప్పడానికి వేసేది కాదు. ఇంతలో ఎద్దు కడుపు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.

“కోసెయ్యుండ్రి తాడు! కత్తి తే!” అన్నాడు డాక్టర్ సాబ్.

జవాను ముడిమీద బోర్లా పడుకున్నాడు. “సాబ్, కోయనియ్య. నడుమంటా కోస్తే ఇగ అది తాడు గాదు, పేలిక గాదు. విప్పుత సాబ్, జర ఆగుండ్రి.”

“అరె, తాడు ముఖ్యమా ఎద్దు ముఖ్యమా?”

“ఎద్దు ఆమెది సాబ్. తాడు సర్కారుది.”

పెద్దమ్మ కట్టె అందుకుంది. డాక్టర్ సాబ్ జవాను కాళ్లు పట్టి పక్కకు లాగుతున్నాడు. జవాను తాడును కౌగిలించుకుని మరాఠీలో దేవుళ్లను పిలుస్తున్నాడు. కంప బయటి జనం నెమ్మదిగా వెనక్కు జరుగుతున్నారు. ‘చూసినవా, సర్కారు దవాఖానకు పోతే ఇంతే’ అన్న గొణుగుడు వినిపిస్తోంది. సరిగ్గా ఆ సమయాన కంప తలుపు తోసుకుని, చంకలో గొడుగు, భుజాన మూట, కొత్త చెప్పులు చేతిలో పట్టుకుని మా బాపు లోపలికి వచ్చాడు.

మిర్గం వచ్చింది కదా. నన్ను షోలాపూరు బండెక్కించడానికి వచ్చాడు.

వచ్చినవాడు నన్ను చూశాడు. ఎద్దును చూశాడు. తర్వాత ఆయన చూపు ముడి మీద పడింది. అంతే, మిగతా లోకమంతా ఆయనకు కనబడలేదు. మూట దించి, ఎద్దు కాళ్ల దగ్గర గొంతుక్కూచున్నాడు. బొటనవేలి గోరుతో ముడిని తాకాడు. కదలలేదు. గోరు దూర్చబోయాడు. దూరలేదు. కొసలు చూశాడు. మొదలంటా కోసి ఉన్నాయి.

“గిప్పుడేసినవ్‌రా కొడుకా, ముడి!” అన్నాడు. “నా గోరు దూరలే.”

“ఎవరయా నువ్వు?” అని అరిచింది పెద్దమ్మ. “నా ఎద్దు సస్తాంటే ముడి సక్కదనం సూస్తున్నవ్!”

కట్టె నావైపు లేచింది. నాకప్పుడు కాళ్లు పనిచేయలేదు, చేతులు చేయవలసిందంతా చేసేశాయి, మిగిలింది నోరొక్కటే. అది తెరుచుకుంది.

“పెద్దమ్మా, ఆగు! నువ్వు కొట్టేది నన్ను గాదు, నీ అదృష్టాన్ని! నీ ఎద్దు కడుపు ఎందుకు లేస్తాందో తెలుసా? ముల్లు విషమంతా గాలై కడుపుల చేరింది. ఇప్పుడది బయటికొస్తది. కరీంనగర్‌ల ఒక దొర ఎద్దు గిట్లనే ఉబ్బి, లేసి, ఒక్క తేనుపు తేన్సింది. గా తేనుపుకు దొర తలపాగ ఎగిరి మానేరు వాగుల పడ్డది! మర్నాడు గా ఎద్దు ఒంటిగ దున్నుతాంటే రెండో ఎద్దుకు పని లేక బజార్ల తిరిగింది!”

“నిజమారా?” అన్నారు కంప బయట ఎవరో.

“నా కండ్లతోని సూసిన. తలపాగ కోసం ఈదింది నేనే.”

జనం వెనక్కు జరగడం ఆగింది. పెద్దమ్మ కట్టె గాలిలోనే ఆగింది. “అయితే డప్పుల చెప్పిన గొంతువాపు సంగతేందిరా?” అని ఇంకొకడు అడిగాడు. ఇక నేను ఆగలేదు. గొంతువాపు వస్తే పశువు పొద్దున గడ్డి తిని సాయంత్రానికి ఎట్లా పోతుందో చెప్పాను. అది నిజమే. కాని నేను చెప్పిన తీరుకు, వింటున్నవాళ్లలో ఇద్దరు తమ మెడలు తడుముకున్నారు. సూది మందు వేసిన ఎద్దు దగ్గరికి రోగం వచ్చి, వాసన చూసి, దండం పెట్టి వెనుదిరిగిందని చెప్పాను.

జవాను కూడా ఆ కథ వింటూ తల కొంచెం పైకెత్తాడు. ఆ సందు చాలు. డాక్టర్ సాబ్ గిట్ట కోసే కత్తితో తాడును పరపరా కోసేశాడు.

ఎద్దు కాళ్లు విదిలించింది. ముందు మోకాళ్ల మీద, తర్వాత నాలుగు కాళ్ల మీద లేచింది. ఒక్క క్షణం అలాగే నిలబడింది. అప్పుడు తేన్చింది. దేవుడి తోడు, ఆ తేనుపు గోదావరి అవతల మంథనిలో వినిపించిందని తర్వాత అక్కడివాళ్లే చెప్పారు. డాక్టర్ సాబ్ టోపీ ఎగిరిందా లేదా అన్న చర్చ అనవసరం. ముఖ్యమైన సంగతి, ఎద్దు ఆ నాలుగో కాలు నేల మీద ఆనించింది. ఇంకోసారి ఆనించింది. రెండడుగులు వేసింది.

“అన్నట్టే తేన్సిందే!” అన్నారు జనం.

పెద్దమ్మ కట్టె పారేసి ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నాతో, “పిలగా, నా రెండోదానికి గూడ గా సూదెయ్యుండ్రి. తోల్కొస్త,” అంది. ఆమె పోయి తోలుకొచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి చుట్టాలింటికి పోయిన పశువులన్నీ ఒక్కసారిగా ఊరికి తిరిగి వచ్చాయి. దొడ్డి నిండి, కంప తొక్కి, వీధిదాకా నిలబడ్డాయి. డాక్టర్ సాబ్ సూదులు మరిగించలేక అలసిపోయాడు. నేను కంప పక్క రాయెక్కి మాట్లాడుతూనే ఉన్నాను. గొంతు పోయింది. పోయిన గొంతుతోనే మాట్లాడాను.

పొద్దు వాలే వేళకు వాన చినుకు పడింది. డాక్టర్ సాబ్ అరుగు మీద కూచుని పాన్ వేసుకున్నాడు. బాపు ఎదురుగా నిలబడ్డాడు.

“సాబ్, మావోడు గీ పనికి ఒస్తడా? రాకపోతే తీస్కపోత. షోలాపూరుల మాట మాట్లాడిన.”

“పశువుల పనికి వీడు రాడు,” అన్నాడు డాక్టర్ సాబ్ నిమ్మళంగా. నా గుండె షోలాపూరు చేరుకుంది. “వీణ్ని పశువు దగ్గరికి రానిస్తే నన్ను సస్పెండ్ చేస్తరు. కాని, బడే మియా, నేను డప్పు కొట్టిస్తే ఒక్క మేక రాలే. వీడు నోరు తెరిస్తే మంద వచ్చింది. నేను ఊరూరికి పోయి సూదులెయ్యాలె. వీణ్ని ఒక దినం ముందర పంపిస్త. వీడు పోయి మాట్లాడాలె, గంతే. పై దొరలకు గదే రాస్త. మీ కొడుకును నాకిస్తవా?”

బాపు గొడుగును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. “మాట్లాడుడు గూడ పనేనా సాబ్?”

“సర్కారుల సగం పని గదే,” అన్నాడు డాక్టర్ సాబ్.

అట్లా నేను పశువుల పనిలో తప్పి, మనుషుల పనిలో కుదిరాను. ఆదిలాబాదు అడవుల్లో, గోదావరి పొడుగునా, సూదులకు ముందర ఒక రోజు నడిచే మనిషిని నేను. తర్వాత బ్లాకులు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, నేను గ్రామసేవకుణ్ణయ్యాను. పేడ గుంటలు తవ్వమని, కొత్త విత్తనం వేయమని, పిల్లలకు టీకాలు వేయించమని మాట్లాడుతూనే రిటైరయ్యాను. నా పెంచి చెప్పే మాటలు ఆపమని ఏ అధికారీ అనలేదు. ఒకాయన మాత్రం నా రిపోర్టు చదివి, పక్కన ‘కొంచెం తగ్గించి రాయండి’ అని రాశాడు. తగ్గించే రాశానని ఆయనకు తెలియదు.

జవాను నన్ను క్షమించడానికి చాన్నాళ్లు పట్టింది. తాడు ముక్కలను కలిపి మళ్లీ ఒక తాడు చేయగలమా అని ఒకసారి నన్నే అడిగాడు. చేశాను. ప్రతి అతుకూ లాగుడు ముడే. బీరువాలోంచి తీసేటప్పుడు అది మళ్లీ ముక్కలైంది.

పిల్లలూ, పరీక్షలు రాయండి, మంచిదే. కాని మీరు ఏ పనికి రారో తేలిన రోజున మరీ ఏడవకండి. ఆ రోజు మీ నోరు ఏం చేస్తోందో, కాళ్లు ఎటు పోతున్నాయో కాస్త గమనించండి.

ఇక మాటిచ్చాను కాబట్టి ఒప్పుకోవాలి. మీరు ఎద్దు సైజు అబద్ధమనుకుంటున్నారు. కొమ్ములు కాస్త సాగదీశాను, నిజమే, కాని అది కల్పన కాదు, అలవాటు. తేనుపు నిజం. జవాను తాడు మీద పడుకోవడం నిజం. నేను పూర్తిగా, సొంతంగా కల్పించింది ఒకే ఒక్క మాట. మా బాపు మాట.

ఆ రోజు ఆయన వచ్చాడు, గొంతుక్కూచున్నాడు, గోరుతో ముడిని తాకాడు. అంతవరకు జరిగింది. ఆ తర్వాత ఏమీ అనలేదు. లేచి పక్కకు నిలబడ్డాడు. సాయంత్రం వెళ్లిపోయేటప్పుడు కూడా “పైలం”, అంటే జాగ్రత్త అన్నాడు, అంతే. ‘గిప్పుడేసినవ్‌రా కొడుకా, ముడి’ అన్నది నేను తర్వాత చేర్చింది. ఆయన అంటే బాగుండేదని చేర్చాను. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, బ్లాకు మీటింగుల్లో చెప్పాను. చాలాసార్లు ఆయన ఎదుటే చెప్పాను. మూల కూచుని చుట్ట కాల్చుకుంటూ వినేవాడు, అవునని గాని, కాదని గాని అనేవాడు కాదు.

ఒకసారి మా చెల్లెలి కూతురి పెళ్లిలో ఈ కథ చెబుతూ, భోజనాలకు పిలుస్తున్నారన్న తొందరలో ఆ మాట వదిలేసి ఎద్దును లేపేశాను. అందరూ నవ్వుతూ లేచారు. మూలనుంచి బాపు చుట్ట పక్కన పెట్టి పిలిచాడు.

“ఏందిరా, నడుమ ఇడిసిపెట్టినవ్?”

“ఏంది బాపు?”

“ముడి సూసి నేనన్న మాట చెప్పలేదు.”

నేను మళ్లీ కూచుని చెప్పాను. పెళ్లివారు ఆయన వైపు తిరిగి, “నిజంగ గట్లనే అన్నవా పెద్దయ్యా?” అని అడిగారు.

ఆయన నావైపు చూడలేదు. “అనకుంటెట్ల?” అన్నాడు. “నా గోరు దూరలే.”